కొట్టే చేతికి అండ ఏది? దాంపత్య హింస కారణాలు, పర్యవసానాలపై సమీక్ష

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసనో లైంగిక హింసనో ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవారే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం, పక్కనున్న కర్ణాటకలో 44.4 శాతం కాగా, కేరళలో 9.9 శాతం. ఈ అంకెలను చూసి రాష్ట్రాలకు ర్యాంకులు కట్టడం తొందరపాటు అవుతుంది. అంతకుముందు, 2015–16లో జరిగిన సర్వేలో కర్ణాటక వాటా 20.6 శాతమే, ఆంధ్రప్రదేశ్ వాటా 43.4 శాతం. నాలుగైదేళ్లలో ఒక రాష్ట్రంలో భర్తలు రెట్టింపు క్రూరులైపోయి, పొరుగు రాష్ట్రంలో అంతే వేగంగా మంచివాళ్లయ్యారని నమ్మడం కష్టం. ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ మరెవరూ వినని చోట, ఈ ప్రశ్నలు అడగాలన్నది సర్వే నియమమే అయినా, అడిగే మనిషి నేర్పు, ఇంట్లో గదుల సంఖ్య, పక్క గదిలో అత్తగారు ఉండడం వంటివి జవాబును మార్చేస్తాయి. పరిశోధకులు ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో సుమారు 500 మంది వివాహిత స్త్రీలతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో మూడోవంతుకు పైగా స్త్రీలు భర్త తమను కొట్టాడని చెప్పారంటే, సర్వే అంకెలను కనీస హద్దుగానే చూడాలి తప్ప నిజ పరిమాణంగా కాదు.

హింస అంటే దెబ్బలు ఒక్కటే కాదని భారత చట్టం వివరంగా ఒప్పుకున్నది 2005లో. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం శారీరక, లైంగిక, మాటలతోనూ మానసికంగానూ చేసే, ఆర్థిక హింసలను నాలుగు రకాలుగా విడదీసి నిర్వచించింది. పెళ్లి తంతు జరగకపోయినా భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో బతికిన స్త్రీకీ, తల్లికీ, అక్కచెల్లెళ్లకూ దాని రక్షణ వర్తిస్తుంది. ఆర్థిక హింస అంటే పోషణకు కావలసినది ఇవ్వకపోవడం, స్త్రీధనాన్ని వాడుకోవడం లేదా అమ్మేయడం, ఉమ్మడి ఇంట్లోకి రానివ్వకపోవడం వంటివి. జీతం పడగానే భార్య ఏటీఎం కార్డు భర్త జేబులోకి చేరడం, కూరగాయలకు ఇచ్చిన వంద రూపాయలకు చిల్లరతో సహా లెక్క చెప్పించుకోవడం, పుట్టింటికి ఫోను చేస్తే స్పీకరు పెట్టి మాట్లాడమనడం, పెళ్లి నగలను అత్తగారి బీరువాలో ఉంచి తాళం ఇవ్వకపోవడం వంటి పనులు ఒక్కొక్కటిగా చూస్తే ఫిర్యాదుకు నిలవనంత చిన్నవిగా కనిపిస్తాయి, కలిపి చూస్తేనే అవి ఒక మనిషి బతుకు మీద మరో మనిషి వేసిన కాపలా అని తెలుస్తుంది.

ఈ కాపలాను సిద్ధాంతంగా చెప్పడానికి పరిశోధకులకు చాలా కాలమే పట్టింది. 1970లలో అమెరికాలో ముర్రే స్ట్రాస్ బృందం కుటుంబాల మీద సర్వే చేసి, తోయడం, కొట్టడం, వస్తువులు విసరడం వంటి చర్యలను లెక్కించే ఒక కొలమానాన్ని తయారు చేసినప్పుడు, చేయి చేసుకోవడంలో స్త్రీపురుషులు దాదాపు సమానమేనన్న ఫలితం వచ్చి పెద్ద దుమారం రేగింది. ఆసుపత్రులూ ఆశ్రయ గృహాలూ చూసిన దృశ్యం దీనికి పూర్తిగా భిన్నం, అక్కడికి వచ్చినవారు దాదాపు అందరూ స్త్రీలే. ఈ రెండూ ఎలా నిజమవుతాయన్న చిక్కుముడిని మైకేల్ జాన్సన్ 1995లో విప్పాడు: గొడవ ముదిరి ఇద్దరిలో ఎవరో ఒకరు చేయి చేసుకునే సందర్భ హింస ఒకటి, ఎదుటి మనిషిని పూర్తిగా అదుపులో పెట్టుకోవడానికి ఒక పద్ధతి ప్రకారం సాగించే నిరంకుశ హింస మరొకటి; సర్వేలకు ఎక్కువగా చిక్కేది మొదటిది, ఆశ్రయ గృహాలకు చేరేది రెండోది. 2007లో ఇవాన్ స్టార్క్ మరో అడుగు ముందుకు వేసి, రెండో రకంలో అసలు నేరం దెబ్బ కాదనీ స్వేచ్ఛను హరించడమేననీ వాదించాడు. ఆ వాదన ప్రభావంతోనే ఇంగ్లండు, వేల్స్‌లలో 2015 నాటి చట్టం దెబ్బ లేకుండా సాగే నిర్బంధ నియంత్రణను కూడా శిక్షార్హమైన నేరం చేసింది. పురుషులు బాధితులయ్యే సందర్భాలు లేవని ఎవరూ అనరు. అయితే భర్త తమను కొట్టని సందర్భంలో తామే ముందుగా అతనిపై చేయి చేసుకున్నామని భారత సర్వేలో చెప్పిన స్త్రీలు 4 శాతం మాత్రమే కనుక, మన దేశపు చర్చను ఆ పోలికతో దారి మళ్లించడంలో అర్థం లేదు.

కారణాల విషయానికి వస్తే, ఏదో ఒక్క కారణాన్ని వెతకడం దండగని తేల్చినది లోరీ హైజ్ 1998లో ప్రతిపాదించిన పర్యావరణ నమూనా. ఇక్కడ పర్యావరణం అంటే చెట్టూచేమా కాదు, మనిషి చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా ఉండే వలయాలు: వ్యక్తి గతం, దాంపత్యంలోని అధికార సంబంధం, కుటుంబ బంధువర్గం, సమాజపు నమ్మకాలు. బాల్యంలో తండ్రి తల్లిని కొట్టడం చూసి పెరిగిన పిల్లల విషయంలో, పెద్దయ్యాక మగవాళ్లు కొట్టే అవకాశమూ ఆడవాళ్లు దెబ్బలు తినే అవకాశమూ ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు చెప్పాయి, భారత సర్వేలూ అదే చెప్పాయి. అయినా అలా పెరిగినవారిలో చాలామంది ఎవరినీ కొట్టరు. పై అధికారి తిట్టినప్పుడు కోపాన్ని దిగమింగుకోగలిగిన మనిషి ఇంటికొచ్చి పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరికొడుతున్నాడంటే, అతనికి కోపాన్ని ఆపుకోవడం చేతకాదనడం కన్నా ఎక్కడ ఆపుకోనక్కరలేదో బాగా తెలుసుననడమే సరి. ఆ తెలివిడి అతనికి ఎవరిచ్చారన్నదే ఈ సమీక్షకు కేంద్రమైన ప్రశ్న.

తెలుగు రాష్ట్రాలలో అందరి నోటా ముందు వచ్చే కారణం తాగుడు. ఐదో సర్వేలో, భర్త తరచూ తాగి వస్తాడని చెప్పిన స్త్రీలలో 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసను అనుభవించగా, తాగని భర్తలున్నవారిలో ఆ వాటా 23 శాతం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభాన అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణం మూయించడంతో మొదలై, వర్ధినేని రోశమ్మ వంటివారి నాయకత్వంలో రాష్ట్రమంతా పాకిన ఉద్యమానికి మూలం ఈ అనుభవమే: కూలి డబ్బు సారా కొట్టుకు, సారా మత్తు ఇంట్లో ఆడవాళ్ల ఒంటి మీదకు. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించడమూ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం రావడమూ, 1997లో దాన్ని సడలించడమూ రాష్ట్ర రాజకీయ చరిత్రలో తెలిసిన ఘట్టాలే. కానీ పైన చెప్పిన అంకెల్లోనే రెండో సగాన్ని జనం చదవరు: చుక్క ముట్టని భర్తలున్న ఇళ్లలోనూ ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు హింసకు గురయ్యారు. తాగుడు హింసను తరచు చేస్తుంది, తీవ్రం చేస్తుంది, మరునాటి పొద్దున్నే ఒక సాకును కూడా అమర్చిపెడుతుంది. దాన్ని పుట్టించేది మాత్రం వేరే ఉంది.

కట్నం సంగతీ అటువంటిదే. 1961లోనే నిషేధ చట్టం వచ్చినా, పెళ్లినాడు ఇచ్చినది చాలక అదనపు కట్నం కోసం వేధించడం ఆగకపోవడంతో, 1983లో భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని శిక్షించే 498ఏ సెక్షనునూ, 1986లో పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజ పరిస్థితుల్లో జరిగిన మరణాన్ని కట్నపు వేధింపులతో ముడిపెట్టే 304బి సెక్షనునూ శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చింది. 2024 జులై 1 నుంచి ఇవి భారతీయ న్యాయ సంహితలో 85, 86, 80 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి. ఇప్పటికీ ఏటా ఆరు వేలకు పైగా కట్న మరణాలు పోలీసు రికార్డుల్లోకి ఎక్కుతున్నాయి. 2022లో దేశంలో స్త్రీలపై నేరాలుగా నమోదైన కేసుల్లో 31.4 శాతం భర్త, అతని బంధువుల క్రూరత్వం కిందివే. అయితే కట్నం వల్ల జరిగే హాని ఈ వేధింపుతో ఆగదు. కూతురి వాటా మొత్తం పెళ్లినాడే ముట్టజెప్పేశామన్న లెక్క పుట్టింట్లో స్థిరపడిపోవడం వల్ల, తిరిగివచ్చిన కూతురు అక్కడ హక్కుదారుగా కాక భారంగా కనిపిస్తుంది. హింసకు అసలైన అండ ఇక్కడ దొరుకుతుంది.

పైన చెప్పిన పండా, అగర్వాల్ అధ్యయనం విలువ ఈ అండను కొలిచి చూపించడంలో ఉంది. సొంత పేరున భూమి గానీ ఇల్లు గానీ లేని స్త్రీలలో 49 శాతం మంది దీర్ఘకాలం శారీరక హింసకు గురికాగా, భూమి మాత్రమే ఉన్నవారిలో అది 18 శాతం, ఇల్లు మాత్రమే ఉన్నవారిలో 10 శాతం, రెండూ ఉన్నవారిలో 7 శాతం. చదువు, ఆదాయం, ఉద్యోగం వంటి ఇతర భేదాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆస్తి ప్రభావం నిలిచింది. హింస పెట్టే ఇంటిని వదిలిపోయిన స్త్రీలలో ఆస్తి ఉన్నవారే ఎక్కువని కూడా ఆ పరిశోధకులు గమనించారు. ఇల్లు ఉన్న స్త్రీ నిజంగా వెళ్లిపోనక్కరలేదు. వెళ్లిపోగలదని భర్తకు తెలిస్తే చాలావరకు సరిపోతుంది. ఉద్యోగానికి ఇంత బలం లేదు. బెంగళూరు బస్తీల్లో పరిశోధకురాలు సునీతా కృష్ణన్ బృందం కొంతకాలం పాటు దంపతులను గమనించినప్పుడు, అంతకుముందు పని లేని స్త్రీ కొత్తగా పనిలో చేరిన ఇళ్లలోనూ, భర్తకు ఉద్యోగం నిలవని ఇళ్లలోనూ హింస పెరిగే అవకాశమే కనిపించింది. జీతం నెలనెలా చేతులు మారే సొమ్ము, దాన్ని లాక్కోవచ్చు, మాన్పించవచ్చు. పైగా అది భర్త స్థానాన్ని ప్రశ్నిస్తుందే కాని భార్యకు తలదాచుకునే చోటు ఇవ్వదు. ఉద్యోగం వస్తే ఆడపిల్లకు అన్నీ వస్తాయన్న మన మధ్యతరగతి నమ్మకాన్ని ఈ ఫలితం వెలుగులో తిరిగి చూసుకోవలసిందే.

ఇక వెలుపలి వలయం, అంటే సమాజపు సమ్మతి. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు రాననడం, వంట సరిగా చేయకపోవడం, శీలంపై అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం అనే ఏడింటిలో ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనా అని ఐదో సర్వే అడిగితే, రెండు తెలుగు రాష్ట్రాల స్త్రీలలోనూ 80 శాతానికి పైగా అవునన్నారు. దేశం మొత్తం మీద ఆ వాటా సగం లోపే. చదువులోనూ స్వయం సహాయక సంఘాలలోనూ ముందున్నామని చెప్పుకునే నేల మీద ఇది వచ్చిన జవాబు. దీన్ని తెలుగు స్త్రీల అజ్ఞానంగా చదవడం సులువే కానీ, పుట్టింటికి వెళితే ‘సర్దుకుపో’ అనీ, పెద్దమనుషుల పంచాయితీలో ‘కాపురం నిలబెట్టుకో’ అనీ, పోలీసు స్టేషనులో కౌన్సెలింగు పేరిట మళ్లీ అదే మాటా వినిపించినప్పుడు, తప్పు తనదేననుకోవడం ఆ స్త్రీకి మిగిలిన ఒకే ఒక సమాధానం కావచ్చు. సమ్మతి రాతిలో చెక్కినదేమీ కాదు. ఉగాండా రాజధాని కంపాలాలో ఇరుగుపొరుగు వారి చేతనే అధికారం గురించి చర్చలు జరిపించిన కార్యక్రమం తర్వాత, అది నడిచిన పేటల్లో శారీరక హింస మిగతా పేటలతో పోలిస్తే సగానికి తగ్గినట్టు 2014లో ఫలితాలు వెలువడ్డాయి.

విదేశాలకు వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ఈ అండ మరో రూపం తొడుక్కుంటుంది. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి అమెరికాలో ఉండే భార్యకు పని చేసే అనుమతి చాలా కాలం లేదు, 2015 నుంచి కొందరికే వచ్చింది. పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, కారు తాళం అన్నీ భర్త దగ్గరే ఉన్నప్పుడు అమలాపురం నుంచో వరంగల్ నుంచో వెళ్లిన అమ్మాయికి అన్నీ ఉన్న ఇల్లే చెరసాల అవుతుంది. న్యూజెర్సీలో 1985లో ఏర్పడిన మానవి, దక్షిణాసియా స్త్రీల కోసం అక్కడ పుట్టిన తొలి సంస్థ, ఈ ఒంటరితనాన్ని గుర్తించే పుట్టింది.

పర్యవసానాలలో కంటికి కనిపించేవి గాయాలు. ‘మెట్ల మీద నుంచి జారిపడ్డాను’ అన్న మాటను డ్యూటీ డాక్టరు రాసుకుని కుట్లు వేసి పంపేస్తే, ఆ కాగితంలో హింస ఆనవాలే ఉండదు. గాయాల్లో అన్నింటికన్నా ప్రమాదకరమైనది చాలాసార్లు చర్మం మీద మచ్చ కూడా వదలనిది, అంటే గొంతు నులమడం. ప్రాణాంతక ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నావళిని 1980లలో రూపొందించిన అమెరికన్ నర్సు జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహచరులు చేసిన పరిశోధనల్లో, అంతకుముందు ఒకసారైనా భర్త గొంతు నులిమిన స్త్రీ అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. మరో విషయం కూడా అక్కడే రుజువైంది: స్త్రీ విడిపోవడానికి పూనుకున్న రోజులే అత్యంత ప్రమాదకరమైనవి. ‘అంత కొడుతుంటే వదిలేసి రావచ్చుగా’ అనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, ప్రపంచవ్యాప్తంగా హత్యకు గురైన స్త్రీలలో 38 శాతం వరకు జీవిత భాగస్వామి చేతిలో చనిపోయినవారే. భాగస్వామి హింసకు గురైన స్త్రీలు కుంగుబాటుకు లోనయ్యే అవకాశం దాదాపు రెట్టింపు, తక్కువ బరువు బిడ్డను కనే అవకాశం 16 శాతం ఎక్కువ. భారతదేశంలో ఈ కుంగుబాటుకు చివరి మెట్టు తరచు ఆత్మహత్య అవుతోంది. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో 36 శాతానికి పైగా భారతీయులే అని లాన్సెట్ పత్రికల్లో ఒకటి 2018లో ప్రచురించింది, వారిలో వివాహిత స్త్రీల వాటా ఎక్కువ. పెళ్లి మిగతా దేశాల్లో ఆత్మహత్య నుంచి కాపాడే అంశంగా కనిపిస్తుండగా, మన దగ్గర స్త్రీలకు అంతటి రక్ష కాలేకపోవడం గురించి సమాజశాస్త్రం ఇంకా తీరికగా ఆలోచించవలసి ఉంది. పిల్లల మాటకొస్తే, తల్లి దెబ్బలు తినడాన్ని చూడడమే ఒక గాయమని 1998లో అమెరికాలో వెలువడిన బాల్య ప్రతికూలానుభవాల అధ్యయనం గుర్తించి, పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బులు, వ్యసనాలు, కుంగుబాటులతో దానికి సంబంధం చూపింది. ఇంట్లో అరుపులు మొదలవగానే చెల్లెలి చెవులు మూసి పక్కింటికి తీసుకుపోయే పదేళ్ల పిల్లవాడు ఆ వయసుకే కాపలాదారు ఉద్యోగంలో చేరినట్టే.

చట్టం చేసినదేమిటో చెప్పుకోవాలంటే, 498ఏ సెక్షను చుట్టూ సాగే దుర్వినియోగ వాదం నుంచి కొంచెం పక్కకు జరగాలి. ఆ సెక్షను కింద వెంటనే అరెస్టులు చేయరాదని అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. ఇప్పటికీ రచ్చ అంతా దాని మీదే సాగడం వల్ల, అసలు ఉపయోగపడే 2005 చట్టం వార్తల్లోకి రాదు. ఆ చట్టం సివిల్ ఉపశమనాలకు పెద్దపీట వేసింది, భర్తను జైలుకు పంపడం దాని మొదటి లక్ష్యం కాదు. దానిలో 17వ సెక్షను, ఇల్లు ఎవరి పేరున ఉన్నా స్త్రీకి ఆ ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కు ఇస్తుంది. ఆ ఇల్లు భర్తదో, భర్తకు వాటా ఉన్నదో అయితేనే ఈ హక్కు అని 2006లో ఇచ్చిన సంకుచిత తీర్పును, సతీష్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు 2020లో తోసిపుచ్చి, అత్తమామల ఇల్లయినా సరేనంది. దరఖాస్తును 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాయిదాల సంగతి కోర్టు మెట్లెక్కిన ప్రతివారికీ తెలిసిందే. ఈ చట్టానికి కాళ్లూ చేతులూ అయిన రక్షణ అధికారి పదవిని చాలా రాష్ట్రాలు స్త్రీ శిశు సంక్షేమ శాఖలో ఇప్పటికే పది పనులున్న అధికారికి అదనంగా అంటగట్టాయి. చట్టం అమలై 18 ఏళ్లు దాటాక, 2025 మేలో కూడా, జిల్లా, తాలూకా స్థాయిల్లో ఈ అధికారులను గుర్తించి నియమించాలని రాష్ట్రాలను సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. భర్త బలవంతపు సంభోగాన్ని అత్యాచారంగా పరిగణించని మినహాయింపు భారతీయ న్యాయ సంహితలోకి కూడా వచ్చి చేరింది. లైంగిక హింసను గృహహింసగా గుర్తించే చట్టం ఒకపక్కా, భర్త చేస్తే అది అత్యాచారం కాదనే చట్టం మరోపక్కా ఉండడం శాసనకర్తలకు ఇబ్బందిగా అనిపించకపోవడం వింతే.

సహాయం కోరేవారు ఎంతమంది అంటే, హింసకు గురైన స్త్రీలలో 14 శాతమేనని ఐదో సర్వే చెప్పింది, వారిలోనూ ఎక్కువమంది వెళ్లేది పుట్టింటికే. పోలీసుల దగ్గరికి, లాయరు దగ్గరికి వెళ్లేవారు బహు కొద్దిమంది. కాబట్టి సఖి కేంద్రాలూ, 181 హెల్ప్‌లైనూ, హైదరాబాద్‌లో భూమిక వంటి స్వచ్ఛంద సంస్థలు నడిపే సహాయ కేంద్రాలూ ఎంత అవసరమైనవైనా, ఈ సమస్యలో మొదటి న్యాయస్థానం పుట్టిల్లే. ఆ పుట్టింట్లో కూతురికి సమాన వాటా ఇచ్చే విషయంలో దేశానికి దారి చూపినది ఆంధ్రప్రదేశే: ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు కల్పించింది, కేంద్రం అదే పని చేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. అయినా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల పేరున హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్రలు వేస్తూనే ఉన్నారు. ఇచ్చిన చీరా జాకెట్టు ముక్కా, ‘మళ్లీ పుట్టింటికి రావాలి కదా’ అన్న భయమూ ఆ సంతకానికి ప్రతిఫలం. కూతురిని అత్తింట్లో కొట్టకుండా చూడాలనుకునే తండ్రి, పెళ్లికి పెట్టే ఖర్చులో సగం మిగిల్చి ఆమె పేరున రెండు గదుల ఇల్లో, అరెకరమో రిజిస్టరు చేయించి ఆ దస్తావేజు ఆమె చేతికే ఇవ్వాలి. అన్నదమ్ములు తమ అక్కచెల్లెళ్లను విడుదల పత్రం మీద సంతకం అడగడం మానాలి.